సెలవుకు వెళ్ళే రోగిని ఒక్క మాట అడగండి: అమెరికాలోని తెలుగు డాక్టర్లకు బహిరంగ లేఖ

అమెరికా చిన్న ఊళ్ళలో వైద్యం చేస్తున్న తెలుగు డాక్టర్లకు,

నమస్కారం.

నేను మీలో ఒకరిని. ఆంధ్రలో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడికి వచ్చి రెసిడెన్సీ పూర్తి చేసి, శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న జే-1 వీసా షరతు నుంచి మినహాయింపు కోసం ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. మూడేళ్ళు పనిచేసి పెద్ద నగరానికి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు. మీలో చాలామంది కథ కూడా ఇంతే. రాష్ట్రానికి ఏడాదికి 30 మంది చొప్పున విదేశీ డాక్టర్లను తీసుకునే కాన్రాడ్ పథకం మనలను తీసుకువచ్చి, వేరే డాక్టరు దొరకని ఊళ్ళలో నిలబెట్టింది. ఒహాయో, ఇండియానా, కెంటకీ, పశ్చిమ వర్జీనియా, అయోవా... ఎక్కడ చిన్న ఆసుపత్రికి వెళ్ళినా తలుపు మీద ఒక రావు గారి పేరో, ఒక రెడ్డి గారి పేరో కనబడుతుంది. మన దగ్గరకు వచ్చే వాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. ఆ తెల్లని చర్మం గురించే, సెలవుకు ముందు దానికి గోధుమరంగు తెచ్చుకోవడానికి వాళ్ళు ఎక్కే ట్యానింగ్ బెడ్ అనే అతినీలలోహిత (యూవీ) దీపాల పడక గురించే ఈ లేఖ.

2008 ఫిబ్రవరి. బయట మోకాలి లోతు మంచు. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె మొటిమల మందు మళ్ళీ రాయించుకోవడానికి వచ్చింది. ఎర్ర జుట్టు, ముక్కు మీదా బుగ్గల మీదా చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. వాడుతున్న మందు డాక్సీసైక్లిన్. నేను చీటీ రాస్తుండగా అడిగింది: "మార్చిలో స్నేహితులతో ఫ్లారిడా సముద్రతీరానికి వెళ్తున్నాను. అక్కడ ఎండకు కాలిపోకుండా ఇప్పటినుంచే ట్యానింగ్ బెడ్‌కు వెళ్తున్నాను. పది సార్లకు ప్యాకేజీ తీసుకున్నాను. మంచిదే కదా డాక్టర్?"

ఈ ప్రశ్న వింటే ఉలిక్కిపడాలి. ఎర్ర జుట్టు వాళ్ళ చర్మం ఎంత ఎండలో పెట్టినా సరిగా రంగు తిరగదు, కమిలిపోతుంది. డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నప్పుడు ఆ కమలడం మరింత త్వరగా జరుగుతుంది. నేను ఉలిక్కిపడలేదు. నవ్వాను. "ఎండలో తిరిగితే నల్లబడిపోతావని మా అమ్మ నన్ను తిట్టేది. మీరు డబ్బులిచ్చి మరీ నల్లబడుతున్నారే!" అన్నాను. తనూ నవ్వింది. మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోవద్దని చెప్పి పంపేశాను.

ఆమె డాక్టరును అడిగింది. డాక్టరు వద్దనలేదు. ఆమె లెక్కలో అది సరేననడమే.

2015 సెప్టెంబరులో అదే అమ్మాయి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చింది. చెప్పులు విప్పి బల్ల ఎక్కుతున్నప్పుడు కుడి పిక్క వెనక మచ్చ కనబడింది. మినపగింజకంటే కొంచెం పెద్దది. ఒక అంచు కాఫీ డికాషన్ రంగు, ఇంకో అంచు నీలం కలిసిన నలుపు, నడుమ ఒకచోట రంగు వెలిసిపోయి తెల్లగా ఉంది. ఎప్పటినుంచి ఉందని అడిగితే గుర్తు లేదంది. వేసవిలో బ్లేడు తగిలి తెగిందనీ, ఆ గాయం మానీ మాననట్టు ఉందనీ చెప్పింది. బయాప్సీలో మెలనోమా అని, ప్రాణం తీయగల చర్మ క్యాన్సర్ అని వచ్చింది. మందం 1.3 మిల్లీమీటర్లు. పిక్క మీద వెడల్పుగా కోసి తీశారు. గజ్జలో లింఫ్ గ్రంథి తీసి చూశారు, దానిలోకి పాకలేదు. ఈనాటికీ ఆమె ఆరోగ్యంగా ఉంది. ఈ సంగతులు రాయడానికి అనుమతి ఇచ్చింది కూడా ఆమే.

కుట్లు విప్పాక నన్ను చూడటానికి వచ్చినప్పుడు, "అప్పుడు మిమ్మల్ని అడిగాను, గుర్తుందా?" అంది. నిందిస్తున్నట్టు అనలేదు. ఆ రోజు విషయం నాకు గుర్తు లేదు. ఆమె చెబుతూ ఉంటే ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది, నా నవ్వుతో సహా. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక పాత రికార్డు తీసి చూశాను. మొటిమలు, మందు కొనసాగింపు, ఆరు నెలలకు మళ్ళీ రావాలి. నేను రాసుకున్నది అంతే. ట్యానింగ్ అన్న మాట ఎక్కడా లేదు.

ఆ పది సార్ల వల్లనే ఆ మచ్చ వచ్చిందని నేను అనను. ఏ ఒక్క మనిషి విషయంలోనూ అలా తేల్చి చెప్పలేం. పైగా ఆమె ఆ తరువాత కూడా ఏటా సెలవులకు ముందు వెళ్తూనే ఉంది. కానీ వెళ్తూ ఉండటానికి ధైర్యం ఇచ్చిన వాళ్ళలో నేనూ ఒకరిని.

అప్పటికి ఎవరికీ తెలియదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకోవడానికి కూడా వీలు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లోనే, ముప్పై అయిదేళ్ళలోపు ట్యానింగ్ బెడ్ మొదలుపెట్టిన వాళ్ళలో మెలనోమా ముప్పు 75 శాతం ఎక్కువని లెక్క చెప్పింది. 2012లో మరిన్ని అధ్యయనాలు కలిపి, తప్పులు దిద్ది చూసినప్పుడు అది 59 శాతంగా తేలింది. ఆ అమ్మాయి నన్ను అడిగిన మరుసటి ఏడాది, 2009లో, అదే సంస్థ ఈ పరికరాలను, మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవి ఉండే మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. ఆ వార్త నేను చదివాను. చదివి పేజీ తిప్పేశాను. అది నా రోగులకు సంబంధించిన వార్త అని నాకు తట్టలేదు.

ఎందుకు తట్టలేదన్నదే నేను మీ ముందు పెట్టదలచుకున్న విషయం.

మనం పెరిగిన చోట ఎండ అంటే వడదెబ్బ, చెమటకాయలు, నల్లబడటం. మధ్యాహ్నం గొడుగు లేకుండా బయటికి వెళ్తే పెద్దవాళ్ళు కోప్పడేది రంగు తగ్గుతుందనే. ఎండకు చర్మం బొబ్బలెక్కి, తోలు ఊడి, రాత్రంతా దుప్పటి తగిలినా తట్టుకోలేని స్థితి మనలో ఎంతమందికి అనుభవం? నేను చర్మవ్యాధుల విభాగంలో తిరిగిన రోజుల్లో కుష్ఠు చూశాను, గజ్జి చూశాను, తామర చూశాను, బొల్లి చూశాను. మెలనోమా ఒక్కటి కూడా చూడలేదు. ఎండకు కమిలే తీరును బట్టి చర్మాన్ని రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద మనకు తెలుసు. 1975లో అది తయారైనప్పుడు నాలుగు రకాలే ఉండేవి, అవీ తెల్లవాళ్ళ కోసమే. గోధుమ, నలుపు చర్మాలకు అయిదు, ఆరు రకాలు తరువాత చేర్చారు. ఆ కొలబద్దలో చివరి మెట్ల మీద పుట్టిన మనం మొదటి మెట్టు మీదివాళ్ళకు వైద్యం చేస్తున్నాం. సెలవుకు ముందు చర్మాన్ని 'తయారు చేసుకోవడం' అనే అలవాటు మనకు వింతగా కనిపిస్తుంది, వింతగా కనిపించినదాన్ని చూసి నవ్వి వదిలేస్తాం.

ఒక్కటి గుర్తు చేసుకోండి. మన ఊళ్ళలో తెల్లబడాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాసుకుని, ముఖం మీద ఎర్రగా నరాలు తేలి, మీసాలు మొలిచి, ఓపీలో తల వంచుకుని కూర్చున్న ఆడపిల్లలను మనం చూశాం. వాళ్ళను చూసి మనం నవ్వలేదు. ఎవరు అమ్మారు, ఎన్నాళ్ళు రాశావు అని అడిగాం. ఆ పట్టింపు ఈ దేశపు ఆడపిల్లల పట్ల నాకు ఎందుకు కలగలేదు?

ఇక అసలు నమ్మకం సంగతి. ముందుగా కొంచెం రంగు తెచ్చుకుంటే సముద్రపు ఎండకు చర్మం కాలదని ఇక్కడి వాళ్ళు గట్టిగా నమ్ముతారు. దానికి 'బేస్ ట్యాన్' అని పేరు. ఈ మాట అమ్మేవాళ్ళు పుట్టించినదే కాదు, తల్లులు కూతుళ్ళకు చెప్పే మాట. "టీకా లాంటిదే కదా డాక్టర్" అని ఒక రిటైరైన స్కూలు టీచరు నాతో అన్నారు. ఆవిడకు నేను చెప్పింది ఇది. టీకా జబ్బు చేయకుండానే జబ్బును గుర్తుపట్టడం నేర్పుతుంది. ఇక్కడ రంగు రావడానికి కారణమే దెబ్బ తగలడం. చర్మకణంలో డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 అనే కాపలా ప్రొటీన్ మేలుకుంటుంది, అది పీఓఎంసీ అనే ప్రొటీన్ చేయిస్తుంది, దానిలోంచి తెగి వచ్చిన ముక్క రంగు తయారుచేసే మెలనోసైటు కణానికి కబురు మోస్తుంది. అప్పుడు మెలనిన్ అనే రంగుపదార్థం తయారై కణకేంద్రకం మీద గొడుగులా కూర్చుంటుంది. గొడుగు తెరుచుకునేది వాన పడ్డాకే. ఎర్ర జుట్టు వాళ్ళలో ఆ కబురు అందుకునే గ్రాహకమే సరిగా పనిచేయదు కాబట్టి వాళ్ళకు దెబ్బ మిగులుతుంది, గొడుగు రాదు.

పీఓఎంసీ నుంచే బీటా ఎండార్ఫిన్ కూడా పుడుతుంది. ప్యాకేజీ అయిపోయాక కూడా కొందరు ఆ పడక వదలలేకపోవడానికి అదొక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. దీన్ని వ్యసనంగా చూడాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్ళను, కానీ ఏప్రిల్ వచ్చినా మానలేకపోతున్నానని నాతో చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇంత దెబ్బ తిని తెచ్చుకున్న రంగు ఎంత కాపాడుతుంది? సన్‌స్క్రీన్ లెక్కలో చెప్పాలంటే ఎస్‌పీఎఫ్ 3, మహా అయితే 4. పది నిమిషాలలో కమిలే చర్మం అరగంటకు కమలుతుంది. సముద్రం ఒడ్డున నాలుగు గంటలు పడుకునే మనిషికి ఆ ఇరవై నిమిషాలు ఏ మూలకు? నల్లజాతి వారికి పుట్టుకతో వచ్చిన మెలనిన్ కవచమే సుమారు 13 అని 1979లో కొలిచారు. అంత దట్టమైన రంగే పూర్తి రక్షణ కాలేనప్పుడు, ఫిబ్రవరిలో డబ్బిచ్చి తెచ్చుకున్న లేత గోధుమరంగు ఏం చేయగలదు?

అది కూడా ఎండ వల్ల వచ్చిన రంగుకు వేసిన లెక్క. చర్మానికి తగిలే యూవీ కిరణాలు యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు; ట్యానింగ్ బెడ్ నుంచి వచ్చే వాటిలో చాలా భాగం యూవీఏ. యూవీఏ ప్రధానంగా చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్‌ను ముదురు చేసి చెదరగొడుతుంది. కొత్త మెలనిన్ పుట్టడానికీ, పై పొర మందం కావడానికీ కావలసింది యూవీబీ. అంటే అద్దంలో రంగు కనబడుతుంది, కవచం మాత్రం దాదాపు ఉండదు. శక్తిమంతమైన యంత్రాలలో ఆ యూవీఏ మధ్యధరా తీరపు మిట్టమధ్యాహ్నపు ఎండకు పది పదిహేను రెట్లు ఉంటుంది. పైగా లైటు ఆరగానే కథ ముగిసిపోదు. యూవీ తగిలిన మెలనోసైట్లలో మూడు గంటలకు పైగా, చీకట్లో కూడా, డీఎన్‌ఏకు కొత్త దెబ్బలు తగులుతూనే ఉంటాయని 2015లో బయటపడింది. దానికి కారణం మెలనినే. కాపాడుతుందనుకున్నదే ఆ కాసేపు హాని చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం మనసులో జరుగుతుంది. నాకు ముందే రంగు ఉంది, నాకేం కాదు అనుకున్న మనిషి సన్‌స్క్రీన్ సీసా గదిలోనే వదిలి వెళ్తాడు. సెలవు నుంచి వచ్చి వీపు నిండా బొబ్బలతో నా దగ్గరకు వచ్చిన వాళ్ళలో బేస్ ట్యాన్ ఉన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. "కాలకూడదు కదా, ఎలా కాలింది?" అని నన్నే అడిగారు.

ఒక డాక్టరు మిత్రుడు నాతో వాదించారు: ఎండ పడనివాళ్ళకు వసంతకాలంలో ఫొటోథెరపీ అనే కిరణ చికిత్స ఇచ్చి చర్మాన్ని అలవాటు చేస్తాం కదా అని. చేస్తాం. పాలీమార్ఫిక్ లైట్ ఎరప్షన్ అనే జబ్బుకు, చర్మవైద్యుల చేతి కింద, కొలిచిన తరంగదైర్ఘ్యంతో, కొలిచిన మోతాదులో చేస్తాం. ఆపరేషన్ థియేటర్లో కత్తి ఉందని చెప్పి వంటింటి కత్తితో కోసుకోవడానికి ఒప్పుకోం.

పిక్క మీద ఆ మచ్చ చూసిన తరువాతి జనవరిలో నేను మా ఊళ్ళో ఉన్న ట్యానింగ్ సెలూన్‌కు వెళ్ళాను. చూడకుండా మాట్లాడకూడదనిపించింది. పిజ్జా దుకాణానికీ, చవక వస్తువుల దుకాణానికీ మధ్య చిన్న గది. లోపలికి అడుగు పెట్టగానే కొబ్బరి వాసన, చిన్నప్పుడు తలంటుకు ముందు మా ఇంట్లో వచ్చిన వాసన. అది ట్యానింగ్ లోషన్ వాసనట. కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ళ పిల్ల నా చేతులు చూసి, మీ రంగు చూస్తే అసూయగా ఉందండీ అంది. మనస్ఫూర్తిగానే అంది. లోపల గడియ ఉన్న గది, ముత్యపు చిప్పలా మూత తెరుచుకునే పడక, పైనా కిందా వరసగా ట్యూబులు, ప్లాస్టిక్ బుట్టలో రెండు చిన్న కళ్ళద్దాలు, తుడవడానికి స్ప్రే సీసా. గోడ మీద తాటిచెట్లూ నీలి సముద్రమూ ఉన్న బొమ్మ, కింద 'సెలవులో కాలిపోకండి, ముందే సిద్ధం కండి' అన్న అర్థం వచ్చే మాట. యంత్రం పక్కన నల్ల గీతల చట్రంలో హెచ్చరిక ఉంది. కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు దానిని సగం కప్పేసింది. తువ్వాలు పక్కకు జరిపి చదివాను: పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళు వాడరాదు.

ఆ నల్ల చట్రం 2014లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పెట్టించింది. అప్పటిదాకా వైద్య పరికరాల ప్రమాద స్థాయిలలో ఈ యంత్రం ఉన్న తరగతి ఏమిటో తెలుసా? నాలుక అదిమి గొంతు చూడటానికి మనం వాడే చెక్కపుల్ల ఉన్న తరగతి. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు పూర్తిగా నిషేధించాలనీ, పెద్దవాళ్ళతో ప్రమాదం తెలిసినట్టు సంతకం చేయించాలనీ అదే సంస్థ 2015 డిసెంబరులో ప్రతిపాదించింది. నా రోగికి ఆపరేషన్ జరిగి అప్పటికి రెండు మూడు నెలలు. పదేళ్ళు గడిచినా ఆ ప్రతిపాదన అమలులోకి రాలేదు. కాలిఫోర్నియా 2012 నుంచి తన వరకు తాను నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కొన్నిచోట్ల ఇప్పటికీ తల్లి సంతకం పెడితే పదహారేళ్ళ పిల్ల ఆ పడక ఎక్కవచ్చు.

బ్రెజిల్ 2009లోనే ఈ వ్యాపారాన్ని అందరికీ నిషేధించింది. ఆస్ట్రేలియాలో క్లేర్ ఆలివర్ అనే మెల్‌బోర్న్ యువతి మెలనోమాతో చనిపోతూ, సోలారియంలకు (ట్యానింగ్ దుకాణాలకు అక్కడి పేరు) వ్యతిరేకంగా చివరి రోజుల్లో టీవీల ముందు మాట్లాడింది. 2007 సెప్టెంబరులో ఆమె పోయేనాటికి ఇరవై ఆరేళ్ళు. ఆ తరువాత పదేళ్ళు తిరగకముందే ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ ఆ దుకాణాలను మూయించాయి. నా రోగి బల్ల ఎక్కుతూ పిక్క చూపించినప్పుడు ఆమె వయసు కూడా ఇరవై ఆరే.

చట్టం వచ్చినప్పుడు వస్తుంది. మన గదిలో మన చేతిలో ఉన్నది ఒక ప్రశ్న. జనవరి నుంచి మే దాకా, వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగండి: సెలవుకు ఎక్కడికైనా వెళ్తున్నారా? వెళ్తుంటే, దానికి ముందు ట్యానింగ్‌కు వెళ్తున్నారా? అమ్మాయిలనే కాదు. పెళ్ళిరోజుకు ఓడ ప్రయాణం పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తున్నామని చెప్పిన యాభై నాలుగేళ్ళ రైతును నేను చూశాను. ఆయన రక్తపోటుకు వేసుకుంటున్నది హైడ్రోక్లోరోథయజైడ్. వేసుకుంటే చర్మం ఎండకు తేలికగా కమిలిపోయే మందు అది, చర్మ క్యాన్సర్ ముప్పు గురించి 2020లో దాని లేబుల్ మీద ఒక మాట చేర్చారు కూడా. డాక్సీసైక్లిన్, సల్ఫా, అమియోడరోన్ కూడా ఆ కోవవే, మన చీటీల మీద రోజూ రాసేవే. అడగకపోతే ఆయన చెప్పేవాడు కాదు, ఎందుకంటే ఆయన దృష్టిలో అది వైద్యానికి సంబంధించిన విషయమే కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పని కూడా కాదు. ఆరు నెలల పసివాళ్ళ నుంచి ఇరవై నాలుగేళ్ళ వరకు తెల్లని చర్మం ఉన్నవారికి యూవీ కిరణాల గురించి చెప్పాలని నివారణ సేవల జాతీయ కార్యదళం 2018లో 'బి' శ్రేణి సిఫార్సు ఇచ్చింది. పొగ తాగుతున్నారా అని అడగడానికి మన కంప్యూటర్‌లో గడి ఉంది, మద్యానికి గడి ఉంది, సీటు బెల్టుకు కూడా ఉంది. నేను చూసిన వాటిలో ట్యానింగ్‌కు లేదు. కానీ జబ్బులకూ వాటి కారణాలకూ సంకేతాలిచ్చే ఐసీడీ-10 జాబితాలో ట్యానింగ్ బెడ్‌కు ప్రత్యేకంగా సంకేతం ఉంది, డబ్ల్యూ89.1. వాడండి. 2008లో నేను ఆ ఒక్క పదం రాసి ఉంటే, తరువాత ఆమెను చూసిన నర్సయినా కాళ్ళూ వీపూ పరీక్షించి ఉండేది.

ఎలా చెప్పాలో కూడా నా అనుభవంలో తెలిసింది రాస్తాను. పంతొమ్మిదేళ్ళ పిల్లకు క్యాన్సర్ అంటే ముసలివాళ్ళ జబ్బు. ముఖం ముడతలు పడుతుంది, మచ్చలు తేలుతుంది, ముప్పై అయిదుకే యాభైలా కనిపిస్తావు అంటే వింటుంది. మొదట్లో ఇలా అందం మాటలు చెప్పడం నాకు చిన్నతనంగా తోచింది. ఇప్పుడు లేదు. పెళ్ళికో, హైస్కూలు ప్రామ్ డ్యాన్సుకో రంగు కావాల్సిందేనని పట్టుబట్టే వాళ్ళకు స్ప్రే ట్యాన్ చెబుతాను. దానిలోని డైహైడ్రాక్సీ అసిటోన్ చర్మపు పై పొరలో చచ్చిన కణాల అమినో ఆమ్లాలతో కలిసి రంగు తిరుగుతుంది. పెనం మీద దోసె ఎర్రబడేది కూడా ఆ తరహా రసాయన చర్యతోనే. వారం రోజుల్లో పోతుంది. కళ్ళలోకీ నోట్లోకీ పోకుండా చూసుకోవాలి. అది ఎండ నుంచి కాపాడదని తప్పకుండా చెప్పాలి, లేకపోతే మళ్ళీ అదే పొరపాటు.

కాలకుండా ఉండటానికి చెప్పవలసినవి మనకు తెలిసినవే, అందుకే దాటవేస్తాం. మార్చిలో క్యాంకూన్‌లో యూవీ సూచిక పది దాటుతుంది. ఒహాయోలో జనవరిలో అది ఒకటీ రెండూ. ఇక్కడి చలిలోంచి అక్కడికి దిగిన మొదటి రోజే చాలామంది కాలిపోతారు, కాబట్టి మొదటి రోజు గురించి ప్రత్యేకంగా చెప్పండి. పది నుంచి నాలుగు వరకు నీడ, వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా. రెండు రకాల కిరణాలనూ ఆపే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ఒంటికంతా కలిపి సుమారు 30 మిల్లీలీటర్లు, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ. నేను మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పు చేతికిచ్చి, 'ఒక్కసారికి ఇంత' అని చూపిస్తాను. ఇంతా అని కళ్ళు పెద్దవి చేయని వాళ్ళు లేరు.

మన పిల్లల సంగతి కూడా ఒక మాట. 125 అగ్రశ్రేణి కళాశాలలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. దాదాపు సగం చోట్ల ఆవరణలోనో, విద్యార్థులు అద్దెకుండే అపార్ట్‌మెంట్లలోనో ట్యానింగ్ బెడ్లు ఉన్నాయి. ఆ అపార్ట్‌మెంట్లలో దాదాపు అన్నిచోట్లా ఉచితం. అలాంటి అపార్ట్‌మెంట్లలో మన పిల్లలూ, హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ చదువుకు వచ్చిన పిల్లలూ ఉంటున్నారు. ఉచితంగా ఉన్నది ఒకసారి చూద్దామనుకుంటారు. మనది చామనచాయ, మనకేం కాదని అనకండి. ముప్పు తక్కువే, లేకపోలేదు. మన రంగు వాళ్ళకు మెలనోమా వస్తే అరికాలులో, అరచేతిలో, గోరు కింద వచ్చే అవకాశం ఎక్కువ. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, కానీ మనకు రాదనే ధీమా వల్ల ఆలస్యంగా బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లే 1981లో చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. ఈ రాత్రి మీ ఇంట్లో వాళ్ళ అరికాళ్ళు ఒకసారి చూడండి.

మీలో కొందరికి రాష్ట్ర వైద్య సంఘాలలో పలుకుబడి ఉంది. మీ నియోజకవర్గపు శాసనసభ్యుడి తల్లికి మీరే డాక్టరు. మైనర్లకు నిషేధం గురించి రాష్ట్ర శాసనసభలో బిల్లు విచారణకు వచ్చిన రోజు, ఒక పూట క్లినిక్ మూసి వెళ్ళి మాట్లాడండి. సెలూన్ల తరఫున వచ్చేవాళ్ళు విటమిన్ డి అంటారు, బేస్ ట్యాన్ అంటారు. 2010లో ఆ వ్యాపారుల జాతీయ సంఘం మీదే, ట్యానింగ్ సురక్షితమని తప్పుడు ప్రకటనలు చేశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపితే వాళ్ళు రాజీకి వచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళండి. తెలుగు మహాసభలలో మన డాక్టర్లకు జరిగే సీఎంఈ (డాక్టర్ల నిరంతర విద్య) తరగతులలో గుండెకూ మధుమేహానికీ ఎప్పుడూ చోటు ఉంటుంది. చర్మ క్యాన్సర్‌కు ఒక్క గంట అడగండి. పాఠం చెప్పడానికి చర్మవైద్యులను నేను పిలుచుకువస్తాను.

మా క్లినిక్‌లో నిరీక్షణ గదిలో ఇప్పుడు ఒక పేజీ కాగితం ఉంటుంది. నేను రాసిన మొదటి చిత్తుప్రతి ఆ ఎర్ర జుట్టు అమ్మాయికి చూపించాను. ఎర్ర పెన్ను తీసుకుని మొదటి పేరా మొత్తం కొట్టేసింది. దానిలో శాతాలు ఉన్నాయి. ఆ చోట, 'నేను డాక్టరును అడిగాను. మీరూ అడగండి' అని రాసింది. దానిని అలాగే అచ్చు వేయించాను. కావలసినవారు అడిగితే పంపుతాను. అడుగున రాష్ట్ర చట్టం గురించి ఉన్న రెండు వాక్యాలు మీ రాష్ట్రానికి తగినట్టు మార్చుకోవాలి.

మీ సహోద్యోగి,
ఒహాయో నది ఒడ్డు నుంచి